గేరుబాక్సుకు తగిన నూనె

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అని మన సామెత. రాపిడిని తగ్గించుటయే కందెన పని. బండి ఇరుసు విషయమున ఇది ముమ్మాటికి నిజము. కాని స్పోర్ట్సు కారు గేరుబాక్సులో ఒకచోట కొంత రాపిడి తప్పక ఉండవలెను. ఆ చోటేదో తెలిసిననేగాని ఏ నూనె కొనవలెనో తేలదు.

చేతితో గేరు మార్చు కారును తీసికొందము. గేరు మార్చునపుడు కలుపవలసిన రెండు భాగములును వేర్వేరు వేగములతో తిరుగుచుండును. అట్లే కలిపినచో పళ్ళు ఢీకొని గరగర చప్పుడగును. అందుచే నడుమ సింక్రోనైజరు అను ఉంగరమును అమర్చుదురు. ఇది తరచుగా ఇత్తడితో చేసినదై యుండును. అది గేరుచక్రము మీది శంకువు వంటి భాగమును అదిమి, బ్రేకువలె పనిచేసి, రెండు వేగములను సమము చేయును. ఉంగరపు సన్నని గాడులు నూనెపొరను చీల్చినప్పుడే ఈ పట్టు చిక్కును. నూనె మరీ జారుడైనచో పట్టు తప్పును. ఉంగరము, పళ్ళు త్వరగా అరిగిపోవును. అప్పుడు గేరుబాక్సు విప్పక తప్పదు.

వెనుక చక్రముల నడుమనుండు డిఫరెన్షియలు సంగతి వేరు. అందలి హైపాయిడ్ చక్రముల పళ్ళు దొర్లుటయేగాక ఒకదానిపై నొకటి జారుచు గట్టిగా ఒరసికొనును. ఆ ఒత్తిడికి నూనెపొర నిలువదు. కనుక నూనెలో గంధకము, భాస్వరము గల సమ్మేళనములను కలుపుదురు. అవి వేడెక్కిన ఉక్కుతో చర్య జరిపి పలుచని పొర నేర్పరచును. పళ్ళకు బదులుగా ఆ పొరయే అరుగును.

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూటు విభజన ప్రకారము హైపాయిడ్ చక్రములకు తగినది జీ.ఎల్.-5 తరగతి. జీ.ఎల్.-4 కంటె ఇందులో ఈ సమ్మేళనములు సుమారు రెట్టింపు. అంకె పెద్దది గనుక ఇదియే అన్నిటికి మేలనుట పొరపాటు. మొదటిది, ఇది ఉంగరపు పట్టును తగ్గింపవచ్చును. రెండవది, చురుకైన గంధకము ఇత్తడిలోని రాగిని తినివేయును. దీనిని పరీక్షించుటకు మెరుగుపెట్టిన రాగిరేకును 121 డిగ్రీల సెంటిగ్రేడు నూనెలో 3 గంటలుంచి రంగు మార్పు చూతురు. నేటి జీ.ఎల్.-5 నూనెలు కొన్ని రాగికి అంతగా హాని చేయవు. అయినను పట్టు సమస్య వేరుగా నుండనే యున్నది.

1989లో వెలువడిన మాజ్డా ఎం.ఎక్స్-5 కారులో గేరుబాక్సు ఇంజను వెంటను, డిఫరెన్షియలు వెనుకను వేర్వేరుగా నుండును. కనుక దేని నూనె దానికి పోయవచ్చును. పోర్షె 911లో రెండును ఒకే పెట్టెలో నుండుటచే ఒకే నూనె రెండు పనులును చేయవలెను. అట్టిచోట తయారీదారు చెప్పిన నూనెయే శరణ్యము.

ఇక చిక్కదనము. డబ్బాపై “75డబ్ల్యు-90” అని యుండును. మొదటి అంకె చలిలోని గుణమును, రెండవది 100 డిగ్రీల వద్ద స్నిగ్ధతను తెలుపును. ఈ 90 ఇంజను నూనెల కొలమానము కాదు. వేడిలో ఈ నూనె దాదాపు 40 లేక 50 అంకెగల ఇంజను నూనెయంత చిక్కగా నుండును. చలిలో మరీ చిక్కబడు నూనెను ఉంగరపు గాడులు చీల్చలేవు. గేరు బరువుగా పడును.

కావున కారుతో వచ్చిన పుస్తకములో తరగతి, చిక్కదనము రెండును చూచి, డబ్బాపై అవే యున్నవో లేవో సరిచూచుకొనవలెను. ఖరీదైన నూనెకాదు, తగిన నూనెయే గేరుబాక్సును కాపాడును.