బొటనవేలంత మునులు.. బ్రహ్మాండమంత పాపడు

షోలాపూర్: ‘అవ్వా, రాక్షసునికి ధోతి నెయ్యాలంటే ఎన్ని గజాలు గావాలె?’ గడపలో కూర్చొని బీడీలు చుడుతున్న ముసలవ్వను మనవడు అడిగాడు. ఆమె చేతిలో తునికాకు ఆగలేదు. ‘ముందుగాల వాని నడుమెంతనో చెప్పు’ అంది.

వేరేచోట పిల్లలైతే రాక్షసుడు ఏం తింటాడని అడుగుతారు. షోలాపూర్ తూర్పు భాగంలో మాత్రం బట్ట లెక్క ముందు వస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి తాతముత్తాతల కాలంలో మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు స్థిరపడిన పేటలివి. మగవాళ్లకు సాంచాలు, ఆడవాళ్లకు బీడీలు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, కార్ఖానాలో రెండూ కలిపి. సాంచాల చప్పుడు మధ్య కథ చెప్పాలంటే గొంతు పెంచాలి. రాక్షసుని కథైతే ఎట్లాగూ పెంచాల్సిందే!

మనుషుల నడుమ ఒక మహాకాయుడో, వేలెడంత మనిషో వచ్చి పడే కథలు పిల్లలకు ఎందుకు నచ్చుతాయో చెప్పడం సులువే. వాళ్లకు చుట్టూ ఉన్నవాళ్లంతా మహాకాయులే. తలుపు గొళ్లెం అందదు, అటక అందదు. నలభై ఏళ్లు సాంచా నడిపిన మనిషికి కూడా అవే కథలు ఎందుకు ఇష్టమన్నదే అసలు సంగతి.

మార్కండేయుడు దోమంత

ఈ పేటలవారి కులదైవం మార్కండేయుడు. శ్రావణ పున్నమికి ఇక్కడ ఆయన రథోత్సవం ఎంత ఘనంగా సాగుతుందో చూసినవారికి తెలుసు. పదహారేళ్ల ఆయువు, యమపాశం, శివలింగాన్ని వాటేసుకోవడం.. ఈ కథ అందరికీ తెలిసిందే. అవ్వలు ఇష్టంగా చెప్పేది రెండోది, భాగవతంలో ఉన్నది.

లోకమంతా నీళ్లు. మార్కండేయుడు ఒక్కడే ఆ నీళ్లలో కొట్టుకుపోతుంటాడు. ఒకచోట మర్రిచెట్టు, దాని ఆకు మీద పసిపాప, నోట్లో కాలి వేలు. దగ్గరికి పోయేసరికి పాప గాలి పీలుస్తాడు. ఆ గాలితోపాటు ముని దోమలా లోపలికి వెళ్లిపోతాడు. కడుపులో చూస్తే ఆకాశం, చుక్కలు, కొండలు, ఊళ్లు.. చివరికి తన ఆశ్రమం కూడా! పాప ఊపిరి వదలగానే మళ్లీ నీళ్లలో పడతాడు.

పెద్దవాడు పెద్దగా కనిపిస్తే అందులో వింతేముంది? ఇక్కడ పెద్దవాడు పాలు తాగే పసివాడు. చిరంజీవి అయిన మూలపురుషుడేమో దోమంత. తమ కులదైవాన్ని దోమంత చేసి చెప్పుకోవడానికి ఈ పేటల్లో ఎవరికీ నామోషీ లేదు. ఆ మాట వచ్చినప్పుడే పిల్లలు ఎక్కువ నవ్వుతారు.

ఆకు మోసిన వాలఖిల్యులు

ఆదిపర్వంలో వాలఖిల్యుల కథ ఇంకొకటి. వీళ్లు బొటనవేలంత మునులు. కశ్యపుడు యాగం తలపెట్టి కట్టెలు తెమ్మన్నాడు. ఇంద్రుడు కొండంత మోపు అవలీలగా ఎత్తుకొస్తున్నాడు. దారిలో మునులంతా కలిసి ఒక్క మోదుగాకు కాడను మోస్తూ, ఆవు గిట్ట గుంటలోని నీళ్లలో మునిగి తేలుతున్నారు. ఇంద్రుడు నవ్వాడు. వాళ్ల మీదుగా దాటి వెళ్లిపోయాడు.

వాళ్లు కొట్లాటకు పోలేదు. ఇంకో ఇంద్రుడు పుట్టాలని హోమం మొదలుపెట్టారు. దాంతో నవ్వినవాడు పరుగెత్తుకొచ్చి కశ్యపుని కాళ్ల మీద పడ్డాడు. కశ్యపుడు రాజీ చేశాడు. పుట్టబోయేవాడు పక్షులకు ఇంద్రుడవుతాడన్నాడు. అతడే గరుత్మంతుడు. తర్వాత అమృతం కోసం వెళ్లి ఇంద్రుణ్నే ఓడించాడు. ‘సేటు నవ్వితె మనమేం జేస్తం? వాళ్లు జేసిండ్రు’ అని ఒక సాంచా కార్మికుడు ఈ కథకు చిన్న వ్యాఖ్యానం కలిపాడు. నూలు ధర, కూలి రేటు ఎక్కడో పైన నిర్ణయమయ్యేచోట ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు.

గలివర్‌కు చద్దరు

బయటి కథ వచ్చినా ఇక్కడ బట్ట దగ్గరే ఆగుతుంది. జోనాథన్ స్విఫ్ట్ 1726లో ప్రచురించిన ‘గలివర్’లో లిల్లీపుట్ మనుషులు ఆరంగుళాల ఎత్తు. చొక్కాలు కుట్టేవాళ్లు గలివర్ బొటనవేలు ఒక్కటే కొలుస్తారు. వేలికి రెండు చుట్లు మణికట్టుకు ఒక చుట్టు, అట్లాగే మెడ, నడుము. వాళ్ల పరుపులు 150 కలిపి కుడితే అతనికి ఒక వరస పరుపు అయిందట. పేటలో లెక్క వేసి చూశారు. పొడవు 12 రెట్లు, వెడల్పు 12 రెట్లు అంటే 144 కదా! ‘మిగిలిన ఆరు కుట్లల్ల పోయినయ్’ అని తేల్చేశాడు ఒక పెద్దాయన.

స్విఫ్ట్‌కూ నేతకూ సంబంధం ఉంది. డబ్లిన్‌లో ఆయన పనిచేసిన చర్చి పక్కనే నేత పేటలు. ఐర్లాండ్‌వాళ్లు ఐర్లాండ్ బట్టే కట్టాలని 1720లో పేరు పెట్టకుండా కరపత్రం రాశాడు. సర్కారు దాన్ని అచ్చువేసినవాడి మీద కేసు పెట్టింది. రాజ్యం ఎదుట చిన్నవాడు ఎంత చిన్నగా కనిపిస్తాడో ఆయనకు ఆ పేటల్లోనే తెలిసిందేమోనని మా అనుమానం.

అసలు చిన్నది పెద్దది చేయడం ఇక్కడ రోజూ జరిగే పని. షోలాపూర్ చద్దరు మీది నెమలి మొదట గళ్ల కాగితం మీద పుడుతుంది. గడి ఒక్కటి పోగు ఒక్కటి. జకార్డ్ అట్టలో రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. కాగితం మీద నెమలిది ఒక కొలత, చద్దరు మీద ఇంకో కొలత.

తెలుగు చందమామ 1947లో మొదలైతే మరాఠీలో అది చాందోబాగా వచ్చింది. అవే బొమ్మలు, అవే రాక్షసులు. ఒకే ఇంట్లో తాత ఒకటి, మనవడు ఒకటి చదివే వీలుండేది. 2013లో చందమామ ఆగింది. ఇప్పుడు పిల్లల రాక్షసులు ఫోన్లో హిందీ మాట్లాడుతున్నారు. కథ పోలేదు గానీ మాట జారుతోంది. ‘మరుగుజ్జు’ అంటే తెల్లమొహం వేసిన పిల్లవాడు, ‘బుట్కా’ అనగానే అందుకున్నాడు.

అవ్వ మాత్రం తెలుగులోనే చెబుతుంది. మనవడు మర్రాకు మీది పాప దగ్గర మళ్లీ ఆపాడు. ‘మరి ఆ పాపకు బట్టలేవి?’

తమ వంశకర్త భావనారుషి తామరతూడు నారతో మొదటి బట్ట నేశాడని పద్మశాలీల పురాణం. ఆయన మార్కండేయుని కొడుకు. అవ్వ బీడీకి దారం చుడుతూ అంది: ‘అప్పటికింక భావనారుషి పుట్టలేదు గదరా!’