మడత స్ట్రోలర్ కొనేముందు చూడవలసినవేమిటి?

దుకాణంలో నున్నటి గచ్చు మీద ఏ స్ట్రోలర్ అయినా చక్కగానే దొర్లుతుంది. రంగు బాగుంటుంది, మెత్త బాగుంటుంది, అమ్మే మనిషి ఒక్క నొక్కుతో మడిచి చూపిస్తాడు. అదే బండిని లిఫ్టు లేని భవనంలో రెండో అంతస్తుకు చేర్చవలసి వచ్చినప్పుడు, నిద్రపోయిన బిడ్డ ఒక భుజాన, పాలసీసాల సంచీ మరో భుజాన ఉన్నప్పుడు దాని అసలు గుణం బయటపడుతుంది. మోజుపడి కొన్న స్ట్రోలర్ కొన్నాళ్లకే బాల్కనీలో పాత పత్రికల పక్కకు చేరడానికి తరచు కారణం ఇదే.

తెలుగు ఇళ్లలో పిల్లల బండి అంటే మొదట గుర్తుకు వచ్చేది నడక నేర్పే మూడు చక్రాల కొయ్యబండి. దానిని బిడ్డే తోస్తుంది. స్ట్రోలర్‌ను తోసేది పెద్దలు. కనుక అది బిడ్డకు ఎంత అనువుగా ఉండాలో, తోసేవారికీ అంత అనువుగా ఉండాలి. తల్లి ఒక్కతే బయటికి వెళ్లే రోజులెన్ని, నడుము నొప్పి ఉన్న అమ్మమ్మ తీసుకువెళ్లే రోజులెన్ని అని లెక్క వేసుకున్న తరువాతే ధర అడగడం మంచిది.

తేలికగా మడిచే స్ట్రోలర్ పుట్టుకలోనే ఈ ప్రశ్న ఉంది. బ్రిటన్‌కు చెందిన ఓవెన్ మెక్లారెన్ వైమానిక ఇంజనీరు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల ల్యాండింగ్ గేర్ రూపకల్పనలో పనిచేసిన వ్యక్తి. అప్పటి పిల్లల బండ్లు బరువైనవి, ప్రయాణాలకు ఏమాత్రం పనికిరానివి. బిడ్డతో విమానంలో వచ్చిన తన కూతురు అలాంటి బండితో పడిన అవస్థ చూసి, విమాన చక్రాలు పొట్టలోకి ముడుచుకునే పద్ధతిని ఆయన పిల్లల బండికి అన్వయించారు. అల్యూమినియం గొట్టాలతో, గొడుగులా ముడుచుకునేలా, 3 కిలోల లోపు బరువుతో రూపొందించిన ఆ నమూనాకు 1965లో పేటెంటు దరఖాస్తు చేశారు. 1967లో అది అమ్మకానికి వచ్చింది. నేటి తేలికపాటి స్ట్రోలర్లలో చాలావాటికి మూలం అదే.

ఇప్పుడు దుకాణాలలో కనిపించే మడతలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది గొడుగు మడత: వెనుక భాగంలో కత్తెరలా అడ్డుగా ఉండే కడ్డీలు ముడుచుకుని, బండి మొత్తం పొడవాటి కట్టలా తయారవుతుంది. బరువు తక్కువ, వెడల్పు తక్కువ, పొడవు మాత్రం మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. రెండవది పుస్తకం మడత: హ్యాండిల్ ముందుకు వాలి సీటు రెండుగా, కొన్నిటిలో మూడుగా మడతపడి, పెట్టెలాంటి ఆకారానికి వస్తుంది. ఆటోలో సీటు వెనుక ఖాళీలో పెట్టుకోవడానికి, ఇరుకింట్లో తలుపు చాటున నిలబెట్టడానికి మొదటి రకం నయం. కారు డిక్కీకి, విమాన ప్రయాణానికి రెండవది నయం. గొడుగు రకంలో సాధారణంగా రెండు విడి హ్యాండిళ్లు ఉంటాయి కాబట్టి ఒంటి చేత్తో మలుపు తిప్పడం కష్టం. వానలో గొడుగు పట్టుకోవలసి వస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఏ రకమైనా, కొనేవారు తమ చేతులతో కనీసం నాలుగైదు సార్లు మడిచి విప్పి చూడాలి. ఒక చేతిలో సంచీ పట్టుకుని ఒంటి చేత్తో మడత పడుతుందేమో చూడాలి. మడిచిన తరువాత దానంతట అది విప్పుకోకుండా పట్టి ఉంచే కొక్కెం ఉందా, గోడ ఆసరా లేకుండా నిలబడుతుందా అన్నవి కూడా గమనించాలి.

అంతకంటే ముఖ్యమైనది, విప్పినప్పుడు పడే గడియ. మంచి స్ట్రోలర్‌లో ఇది రెండంచెలుగా ఉంటుంది. మొదటి గడియ పొరపాటున ఊడినా రెండవది చట్రాన్ని పట్టి ఉంచుతుంది. బిడ్డ కూర్చుని ఉండగా బండి ముడుచుకుపోవడమే మడత స్ట్రోలర్లలో అతి పెద్ద ప్రమాదం. గడియ పూర్తిగా పడినట్టు శబ్దం వినిపించాలి, కంటికి కనిపించాలి. ఆ తరువాత హ్యాండిల్‌ను ఒకసారి కిందికి నొక్కి చూసి, అప్పుడే బిడ్డను కూర్చోబెట్టాలి.

మడత కీళ్లు కత్తెర వంటివే. 2009 నవంబరులో అమెరికాలో మెక్లారెన్ పేరుతో అమ్ముడైన సుమారు 10 లక్షల గొడుగు స్ట్రోలర్ల విషయంలో అక్కడి వినియోగదారుల భద్రతా సంఘం హెచ్చరిక జారీ చేసింది. పెద్దలు బండిని విప్పుతుండగా పిల్లలు కీలు దగ్గర వేలు పెట్టడం వల్ల వేలి కొనలు తెగిన ఘటనలు 12 నమోదయ్యాయి. కంపెనీ ఆ కీళ్లకు తొడుగులు ఉచితంగా పంపింది. ప్రపంచానికి మడత స్ట్రోలర్‌ను ఇచ్చిన పేరుకే ఈ పరిస్థితి ఎదురైంది. కొనేటప్పుడు కీళ్ల మీద తొడుగు ఉన్నదీ లేనిదీ వేలితో తడిమి చూడాలి. ఇంట్లో బండిని మడిచేటప్పుడు, విప్పేటప్పుడు బిడ్డను మరొకరు ఎత్తుకోవాలి. ఎవరూ లేకపోతే చేతికి అందనంత దూరంలో కూర్చోబెట్టాలి.

ఇక ప్రయాణాలు. మన రైలు పెట్టెల ద్వారాలు ఇరుకైనవి, మెట్లు నిటారైనవి. స్ట్రోలర్‌ను తోసుకుంటూ లోపలికి వెళ్లే వీలు లేదు. తెనాలి, సామర్లకోట వంటి స్టేషన్లలో చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఒకటి రెండు నిమిషాలే ఆగుతాయి. రైలు కనిపించక ముందే బండిని మడిచి, బిడ్డను చంకనెత్తుకుని సిద్ధంగా ఉండవలసిందే. అందుచేత రైలు, బస్సు ప్రయాణాలు ఎక్కువగా చేసే కుటుంబానికి బరువు 6, 7 కిలోలు దాటకపోవడం, భుజాన తగిలించుకునే పట్టీ ఉండడం మిగతా హంగులన్నిటికంటే ముఖ్యం. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి. ఎస్కలేటర్ మీదికి మాత్రం స్ట్రోలర్‌ను తీసుకువెళ్లకూడదు. ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు బ్రేకు వేసి, బండిని పట్టాలకు సమాంతరంగా నిలిపి, చేయి వదలకుండా ఉండాలి. 2009 అక్టోబరులో మెల్‌బోర్న్‌లోని ఆష్‌బర్టన్ స్టేషనులో, తల్లి చేయి వదిలిన క్షణంలో ఒక స్ట్రోలర్ దొర్లి రైలు ముందు పట్టాల మీద పడింది. ఆరు నెలల పసివాడు ప్రాణాలతో బయటపడ్డాడు.

విమానాల విషయంలో ‘కేబిన్ స్ట్రోలర్’ అన్న మాటను చూసి నిశ్చింతగా ఉండడానికి లేదు. దేశీయ విమానాలలో ఎకానమీ ప్రయాణికులకు సాధారణంగా 7 కిలోల లోపు బరువు, సుమారు 55, 35, 25 సెంటీమీటర్ల కొలతలు గల ఒక చేతి సంచీనే అనుమతిస్తారు. ఈ కోవలో పేరుపొందిన ఒక ఫ్రెంచ్ స్ట్రోలర్ మడిచినప్పుడు 52 సెంటీమీటర్ల పొడవు, 44 వెడల్పు, 18 మందం ఉంటుంది. బరువు, మందం సరిపోయినా వెడల్పు సరిపోదు. అనుమతించడం, మానడం ఆ రోజు సిబ్బంది చేతిలో ఉంటుంది. అమెరికాలోని కొడుకు, కూతుళ్ల దగ్గరికి గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో పిల్లలతో వెళ్లే తెలుగు కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. విమానం తలుపు దగ్గర అప్పగించిన స్ట్రోలర్‌ను కొన్ని విమానాశ్రయాలలో తిరిగి తలుపు దగ్గరే ఇస్తారు. కొన్నిచోట్ల చివరి గమ్యంలో సామాను బెల్టు మీద గాని చేతికి రాదు. మధ్యలో విమానం మారేచోట గంటల తరబడి బిడ్డను ఎత్తుకునే నడవవలసి వస్తుంది. టికెట్ కొన్నప్పుడే విమాన సంస్థను అడిగి ఉంచుకోవడం మేలు.

చక్రాల సంగతి మన రోడ్లతో ముడిపడినది. ఎగుడుదిగుడు పలకలు, డ్రైనేజీ మూతలు, వీధికో స్పీడ్ బ్రేకర్ ఉన్నచోట చిన్న చక్రం మొండికేస్తుంది. దీనికి లెక్క కూడా ఉంది. 3 సెంటీమీటర్ల ఎత్తున్న అంచును ఎక్కించడానికి, 24 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రానికి కావలసిన తోపుడు బలంతో పోలిస్తే 12 సెంటీమీటర్ల చక్రానికి దాదాపు రెట్టింపు కావాలి. ఆ కుదుపంతా బిడ్డ మెడకు, వీపుకు చేరుతుంది. పెద్ద చక్రాలు పెడితే మడత పెద్దదవుతుంది, బరువు పెరుగుతుంది. రెండూ కలిసి వచ్చే బండి లేదు. రోజూ నడిచే దారి ఏదో తేల్చుకుని ఒకదానిని వదులుకోవలసిందే. అపార్టుమెంటు ఆవరణ, షాపింగ్ మాల్, విమానాశ్రయం వరకే అయితే చిన్న చక్రాలు చాలు. ముందు చక్రాలు గిర్రున తిరగకుండా బిగించే మీట ఉంటే గతుకుల దారిలో అక్కరకు వస్తుంది. చీర కొంగు, చున్నీ చక్రాలలో చిక్కుకోకుండా చూసుకోవడం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సముద్ర తీర పట్టణాలలో ఉప్పుగాలికి ఇనుప చట్రం తుప్పు పడుతుంది, అల్యూమినియం నిలుస్తుంది.

వయసును బట్టి సీటు మారాలి. పసికందుకు మెడ నిలవడానికి సుమారు నాలుగు నెలలు పడుతుంది, ఆసరా లేకుండా కూర్చోవడానికి మరికొన్ని నెలలు. గొడుగు స్ట్రోలర్లలో చాలా వాటి వీపు కొంతమేరకే వాలుతుంది. అవి కూర్చోగల పిల్లలకు ఉద్దేశించినవి. మెడ నిలవని శిశువును వాటిలో కూర్చోబెడితే తల ముందుకు వాలి శ్వాసనాళం నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. పుట్టినప్పటి నుంచి వాడాలంటే సీటు పూర్తిగా చదునుగా పరచుకోవాలి. భుజాలను, నడుమును, కాళ్ల మధ్యనూ పట్టి ఉంచే అయిదు పట్టీల బెల్టు ఉండాలి, రెండు నిమిషాల దూరానికైనా దానిని పెట్టాలి. బిడ్డ నిద్రపోతే ఇల్లు చేరగానే చదునైన పడకకు మార్చాలి. మెలకువగా ఉన్నప్పుడు కూడా, అయిదేళ్ల లోపు పిల్లలను స్ట్రోలర్లలో ఒకేసారి గంటకు మించి కట్టి కూర్చోబెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నడక వచ్చిన బిడ్డను దింపి నడిపించడం, ఆడించడం ఆ సూచనలోని ఉద్దేశం.

రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవారికి తరువాతి విషయం విశేషంగా పట్టవలసినది. ఎండ తగలకూడదని స్ట్రోలర్ మీద చున్నీ గాని, తువ్వాలు గాని పూర్తిగా కప్పేయడం అందరూ చేసే పని. లోపల గాలి ఆడక వేడి పేరుకుంటుంది, పైగా బిడ్డ ముఖం కనిపించదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మందపాటి పొడి బట్ట కప్పిన స్ట్రోలర్ లోపల వేడి బయటికంటే 3 డిగ్రీలకు పైగా పెరిగింది. పలుచని బట్టను తడిపి కప్పి, చిన్న ఫ్యాన్ అమర్చినప్పుడు 4 డిగ్రీలకు పైగా తగ్గింది. తడి ఆరితేనే చల్లదనం. విశాఖ, కాకినాడ వంటి ఉక్కపోత ఊళ్లలో తడి బట్టకు అంత ఫలితం ఆశించలేము. అన్నివైపులా గాలి ఆడే వల కిటికీలు, ముందుకు బాగా చాచుకునే పైకప్పు ఉన్న బండిని ఎంచుకుని, మిట్టమధ్యాహ్నం బయటికి తీయకపోవడమే ఉన్నవాటిలో మంచి మార్గం.

ఎండతోపాటు పొగ కూడా ఉంది. స్ట్రోలర్‌లోని బిడ్డ ముక్కు నేల నుంచి సుమారు 55 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే వాహనాల పొగగొట్టాల మట్టానికి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వెలువరించిన సమీక్షలో, ఇలాంటి పిల్లలకు పెద్దలకంటే 60 శాతం వరకు ఎక్కువ కాలుష్యం సోకవచ్చని తేల్చారు. సీటు ఎత్తుగా ఉంటే కొంత నయం. సిగ్నళ్ల దగ్గర వాహనాల వెనుక ఆగకుండా, సందు దారి పట్టడం ఇంకా నయం.

బరువు పరిమితిని తేలికగా తీసుకోరాదు. చాలా నమూనాలకు 15 కిలోలు, కొన్నిటికి 22 కిలోలు పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం మూడేళ్ల పిల్లల సగటు బరువు 14 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, అంటే 15 కిలోల బండి అక్కడితో సరి. కూరగాయల సంచీలు హ్యాండిల్‌కు తగిలించడం మరొక పొరపాటు. బిడ్డను ఎత్తుకోగానే ముందు బరువు పోయి బండి వెనక్కి పల్టీ కొడుతుంది. బిడ్డ అందులో ఉండగానే పడిపోవచ్చు కూడా. సంచీలకు సీటు కింది బుట్టే చోటు.

యూరప్ ప్రమాణం ఈఎన్ 1888, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్833. వీటిలో ఒకదానికి అనుగుణంగా పరీక్షించినట్టు బండి మీద గాని, వివరాల పుస్తకంలో గాని రాసి ఉన్నదేమో చూడాలి. దిగుమతి అయినదైతే ప్యాకింగు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. బంధువుల ఇంట్లో వాడేసిన స్ట్రోలర్ చేతికి వస్తే కాదనవలసిన పని లేదు, కాని గడియలు, బెల్టు బకిళ్లు, బ్రేకు మూడూ గట్టిగా లాగి చూడాలి. ఒక్కటి జారినా దానిని బిడ్డకు వాడకూడదు. కొత్తదాని బిల్లును, చట్రం మీది మోడల్ నంబరును ఫొటో తీసి ఉంచుకోవాలి. కంపెనీ ఎప్పుడైనా లోపమున్న బండ్లను వెనక్కి పిలిస్తే ఆ నంబరుతోనే గుర్తిస్తారు. లోపమున్న వస్తువును మార్చడానికి అమ్మకందారు నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.