పుప్పొడికి క్లీన్‌చిట్... కలుపు మందుకు కాదు

జన్యుమార్పిడి పంటల మీద వాదన మొదలైతే చాలు, ఎవరో ఒకరు సీతాకోకచిలుకను సాక్షిగా పిలుస్తారు. ఈ అలవాటు 1999 మే నెలలో ‘నేచర్’ పత్రిక అచ్చేసిన ఒక చిన్న వ్యాసంతో మొదలైంది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన జాన్ లోసీ బృందం, పురుగును చంపే విషం తనలోనే తయారయ్యే బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన మిల్క్‌వీడ్ ఆకులను మోనార్క్ సీతాకోకచిలుక గొంగళి పురుగులకు మేపింది. నాలుగు రోజుల్లో 44 శాతం చచ్చిపోయాయి. మామూలు మొక్కజొన్న పుప్పొడి తిన్నవాటిలో ఒక్కటీ చావలేదు. ఆ తర్వాత నిరసన ఊరేగింపుల్లోకి మోనార్క్ వేషాలు వచ్చేశాయి.

అపోహ: బీటీ పుప్పొడి మోనార్క్‌లను తుడిచిపెట్టేస్తోంది.

వాస్తవం: లోసీ ప్రయోగం తప్పేమీ కాదు. అయితే ఆ పుప్పొడి పురుగును చంపగలదా అన్నదే ఆయన చూశారు. పొలంలో ఎన్ని పురుగులు ఎంత పుప్పొడి తింటాయన్నది వేరే లెక్క. ఆ లెక్క 2001లో అమెరికా, కెనడా శాస్త్రవేత్తలు తేల్చారు. మొక్కజొన్న పుప్పొడి బరువైనది, చాలావరకు చేలోనే, చేను అంచుల్లోనే రాలిపోతుంది. అది రాలే రోజులూ గొంగళి పురుగులు మేసే రోజులూ కొంతవరకే కలుస్తాయి. పైగా ఎక్కువగా సాగులో ఉన్న రకాల పుప్పొడిలో బీటీ విషం చాలా తక్కువ. ‘ఈవెంట్ 176’ అనే రకం మాత్రం నిజంగానే ప్రమాదకరమని తేలింది. అప్పటికే అది మొక్కజొన్న విస్తీర్ణంలో 2 శాతం కూడా లేదు, తర్వాత మార్కెట్ నుంచే పోయింది.

అపోహ: అయితే జన్యుమార్పిడి పంటల వల్ల మోనార్క్‌లకు నష్టమే లేదు.

వాస్తవం: ఉంది. జనం చూసిన వైపు నుంచి కాదు, వేరే వైపు నుంచి వచ్చింది. మోనార్క్ గొంగళి పురుగులకు మిల్క్‌వీడ్ తప్ప వేరే తిండి లేదు. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఆ మొక్క మొక్కజొన్న, సోయా సాళ్ల మధ్యే పెరిగేది. గుంటక తోలినా మళ్లీ వేరు నుంచి చిగురించేది. గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే జన్యుమార్పిడి సోయా 1996లో, మొక్కజొన్న 1998లో వచ్చాక రైతులు పైరు మీదే కలుపు మందు కొట్టడం మొదలుపెట్టారు. 1999 నుంచి 2010 లోపు అక్కడ మిల్క్‌వీడ్ 58 శాతం తగ్గిందని శాస్త్రవేత్తలు ప్లెజెంట్స్, ఓబర్‌హాసర్ 2012లో అంచనా వేశారు. మెక్సికో కొండల్లో మోనార్క్‌లు శీతకాలం గడిపే అడవి 1996-97లో సుమారు 18 హెక్టార్లు, 2013-14లో 0.67 హెక్టారు. మెక్సికోలో చెట్ల నరికివేత, వాతావరణం కూడా కారణాలే. ఏది ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. విషం పెట్టి చంపడం ఒకటి, తిండి తీసేయడం ఒకటి. గొడవంతా మొదటిదాని మీద జరిగింది, దెబ్బ రెండోదాని వల్ల తగిలింది.

అపోహ: బీటీ విషం తేనెటీగలనూ చంపుతుంది.

వాస్తవం: పత్తిలో వాడే బీటీ ప్రోటీన్ గొంగళి పురుగు క్షారపు పేగులో కరిగి, పేగు గోడ మీద తనకు సరిపడే గ్రాహకాలను పట్టుకుని చిల్లులు పొడుస్తుంది. తేనెటీగ పేగులో దానికి ఆ పట్టు దొరకదు. పరిశోధనలూ హాని కనిపించలేదనే చెబుతున్నాయి.

అపోహ: బీటీ చేలో మిత్రపురుగులు ఉండవు.

వాస్తవం: దేనితో పోల్చారో అడగాలి. 42 పొలం ప్రయోగాలను కలిపి చూసిన 2007 నాటి విశ్లేషణ ప్రకారం, పురుగుమందులు కొట్టిన మామూలు చేలకంటే బీటీ చేలలోనే ఇతర జీవులు ఎక్కువ. అసలు మందే కొట్టని చేలతో పోలిస్తే మాత్రం కొన్ని రకాలు తక్కువ. మొదటి సగం కంపెనీలు చెబుతాయి, రెండో సగం వ్యతిరేకులు చెబుతారు. ఉత్తర చైనాలో బీటీ పత్తి వచ్చి మందులు తగ్గాక అక్షింతల పురుగులు, సాలీళ్లు పెరిగి పేనుబంక తగ్గింది. అదే పత్తిలో మిరిడ్ నల్లులు చెలరేగాయి.

మన దగ్గర 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో కలుపు మందును తట్టుకునే జన్యువు లేదు. కలుపు మందును తట్టుకునే పత్తికి దేశంలో అనుమతే లేదు. అయినా ఆంధ్ర, తెలంగాణ పత్తి జిల్లాల్లో ‘బీజీ-3’ పేరుతో దొంగచాటుగా అమ్ముతున్నారు. మోనార్క్‌కు దగ్గరి చుట్టమైన ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక మన జిల్లేడు మీదే గుడ్లు పెడుతుంది. చేనంతా గ్లైఫోసేట్ కొట్టేటప్పుడు గట్టు మీది జిల్లేడుకూ అది తగులుతుంది. సీతాకోకచిలుక సంగతి పక్కనపెట్టినా ఆ ప్యాకెట్ కొనకండి. బిల్లు లేని విత్తనంతో పంట పోతే నష్టపరిహారం అడగడానికి మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.