వెతికిన కొద్దీ పెరిగే భయం

చిన్నపాటి శారీరక లక్షణాన్ని ఇంటర్నెట్‌లో వెతికి, అక్కడ కనిపించిన పెద్ద జబ్బు తనకే వచ్చిందని భయపడి, ఆ భయం పోగొట్టుకోవడానికి మళ్లీ వెతికి మరింత బెంబేలెత్తే స్థితిని వైద్య పరిశోధకులు సైబర్‌కాండ్రియా అంటున్నారు. ఇది వైద్య వర్గీకరణలో విడి వ్యాధిగా చేరలేదు కానీ, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో గుర్తించిన ‘వ్యాధి ఆందోళన రుగ్మత’కు, అంటే లక్షణాలు స్వల్పంగా ఉన్నా, అసలు లేకపోయినా తీవ్రమైన జబ్బు ఉందన్న దిగులు ఆరు నెలలకు పైగా వదలని స్థితికి, చాలా దగ్గరిది. కన్ను అదిరితే కుడికన్నా ఎడమకన్నా అని శకునం చూసుకున్న తరం వెనకే, అదే అదురును నరాల జబ్బుగా చదువుకునే తరం వచ్చింది. రెండింటిలో మొదటిదే తక్కువ ఖర్చుతో పోయేది.

ఈ విషయంపై తొలి పెద్ద అధ్యయనాల్లో ఒకటి మైక్రోసాఫ్ట్ సంస్థలోని ర్యాన్ వైట్, ఎరిక్ హార్విట్జ్‌లు 2008లో వెలువరించినది. తలనొప్పి గురించి వెతికినప్పుడు, రోజూ తాగే కాఫీ మానేయడం వల్ల వచ్చే నొప్పి ఎంత తరచుగా కనిపించిందో మెదడులో కణితి కూడా దాదాపు అంతే తరచుగా కనిపించిందని వారు చూపారు; వాస్తవంలో అలాంటి కణితి చాలా అరుదు. ఫలానా లక్షణానికి ఏయే జబ్బులు కారణం కావచ్చో ఫోను చెబుతుంది కానీ, వాటిలో ఏది ఎంత అరుదో చెప్పదు, చెప్పినా భయపడినవారి కంటికి అది ఆనదు.

ఏ జబ్బు ఎవరికి ఎంత అరుదన్న తేడా ఎంత ముఖ్యమైనదో ఎన్టీఆర్ జిల్లాలోనే తెలుస్తుంది. ఎ.కొండూరు మండలం తండాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఏళ్లుగా ప్రాణాలు తీస్తోంది కనుక, అక్కడి మనిషి మూత్రంలో నురగ, కాళ్ల వాపు అని చెబితే వైద్యుడు వెంటనే క్రియాటినిన్ పరీక్ష రాస్తాడు. మే నెల ఎండలో బందరు రోడ్డు మీద రోజంతా బండి నడిపి, నీళ్లు చాలక మూత్రం పచ్చబడి, నడుము పట్టేసిన విజయవాడ యువకుడి సంగతి వేరు. అతను ఆ రెండు ముక్కలూ ఫోనులో కొడితే వచ్చేది మాత్రం అదే మూత్రపిండాల జబ్బు. వైద్యుడు మొదట ఊరు, వయసు, చేసే పని అడిగేది కాలక్షేపానికి కాదు.

వెతుకులాట తర్వాతి మెట్టు ల్యాబు. విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు పక్కపక్కనే ఉండటంతో గుడివాడ, అవనిగడ్డ, తెనాలి నుంచి వచ్చినవారికి కూడా ‘ఫుల్ బాడీ చెకప్’ ఒక పూట పని. రిపోర్టులో ప్రతి అంకె పక్కన ఉండే సాధారణ పరిధిని చాలావరకు ఆరోగ్యవంతుల్లో మధ్యనున్న 95 శాతం మంది ఫలితాలను బట్టి నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని నూరుగురిలో అయిదుగురు ఆ పరిధి దాటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి సైతం కనీసం ఒక అంకె తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. ప్యాకేజీల్లో అరవై, డెబ్బై అంకెలుంటాయి. నల్లగా ముద్రించిన ఆ ఒక్క అంకెను పట్టుకుని మనిషి మళ్లీ ఫోను తెరుస్తాడు. లక్షణమే లేని మనిషికి ఇన్ని పరీక్షలను పండుగ తగ్గింపు ధరకు అమ్మడం వైద్యం అనిపించుకోదు.

భయం శరీరాన్నీ ఊరుకోనివ్వదు. ఆందోళనతో అడ్రినలిన్ అనే హార్మోను విడుదలై గుండె దడదడలాడుతుంది, ఛాతీ బిగుస్తుంది, ఊపిరి వేగంగా తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి; ఇవి వెతకడానికి కొత్త లక్షణాలవుతాయి. పదేపదే నొక్కి చూసుకున్న మెడగ్రంథి ఆ నొక్కుడుకే నొప్పిపెడుతుంది. ఈసీజీ బాగుందని చెబితే కలిగే ఊరట కొద్ది రోజులకే కరిగిపోతుందని, ఆ భరోసాను మళ్లీ మళ్లీ కోరడమే జబ్బును నిలబెడుతుందని పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్‌లు 1986లోనే వివరించారు. అందుకే ఇంట్లోవారు ‘నీకేం లేదు, అంతా నీ భ్రమ’ అని కసరడం ఎంత పనికిరానిదో, అడిగినప్పుడల్లా మరో స్కానింగుకు తీసుకుపోవడం కూడా అంతే పనికిరానిది.

చికిత్స ఉంది. భయం పుట్టించే ఆలోచనను పరీక్షించి, వెతికే అలవాటును మెల్లగా తగ్గించే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని ఇంగ్లండులో 444 మంది ఆసుపత్రి రోగులపై పరీక్షించిన పీటర్ టైరర్ బృందం, రెండేళ్ల తర్వాత కూడా మేలు నిలిచిందని 2014లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. ‘పిచ్చి డాక్టరు’ దగ్గరికి వెళ్లారన్న మాట పడవలసి వస్తుందనే జంకుతో గుండె, కడుపు, నరాల డాక్టర్లందరి చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకునేవారికి విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం అందుబాటులో ఉంది.

ప్రతి లక్షణాన్నీ కొట్టిపారేయమని దీని అర్థం కాదు. చెమటలతో ఛాతీనొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, డెంగీ జ్వరం తగ్గుతూనే విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు కనిపిస్తే ఫోను తీయవలసింది 108కి చేయడానికే. ఏ పరీక్షకూ దొరకని భయమే నిద్ర చెరుస్తుంటే, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఉచిత సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు తెలుగులో పలుకుతుంది.