పెద్ద హెడ్‌ఫోన్స్‌... చిన్న గొంతు!

అనంతగిరి ఘాట్‌రోడ్డు ఎక్కి, కాఫీ తోటల నడుమ ఓ గదిలో దిగారనుకోండి. రాత్రి భోజనాలయ్యాయి. కీచురాళ్ల రొద తప్ప మరో చప్పుడు లేదు. ఘంటసాల పాట వినడానికి ఇంతకన్నా మంచి చోటుంటుందా! మోజుపడి కొన్న పెద్ద హెడ్‌ఫోన్స్‌ని సెల్‌ఫోన్‌కి తగిలించారు. తీరా చూస్తే పాట ఎక్కడో లోయ అవతలి నుంచి వస్తున్నట్టుంది! వాల్యూమ్‌ చివరిదాకా పెంచినా అంతే.

హెడ్‌ఫోన్స్‌ పాడవలేదు. వాటికి తగ్గ యాంప్లిఫయర్‌ లేదు, అంతే.

కిటుకంతా 'ఇంపెడెన్స్‌'లో ఉంది. అంటే కరెంటుకి ఎదురయ్యే అడ్డు. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. మామూలు హెడ్‌ఫోన్స్‌ 32 ఓమ్‌లు. సెన్‌హైజర్‌ హెచ్‌డీ 600 అయితే 300. బేయర్‌డైనమిక్‌ డీటీ 880లో 600 ఓమ్‌ల రకమూ ఉంది. బ్యాటరీ లేకుండా పనిచేసే పాతకాలపు క్రిస్టల్‌ రేడియోకి తగిలించేవైతే ఏకంగా 2 వేలు!

మేడమీది కుళాయికి నీళ్లెక్కాలంటే ఒత్తిడి కావాలి కదా. ఇక్కడ ఆ ఒత్తిడే వోల్టు. ఒక మిల్లీవాట్‌ శక్తి అందడానికి 32 ఓమ్‌లకి 0.18 వోల్టు చాలు. 300కి 0.55, 600కి 0.77, 2 వేలకి 1.4 కావాలి. పాట మధ్యలో డప్పు దెబ్బ మరో 20 డెసిబెల్స్‌ పైకి లేస్తే వోల్టులు పది రెట్లవుతాయి. అంటే 600 ఓమ్‌ల జతకి 7.7 వోల్టులు. ఫోన్‌కి తగిలించే చిన్న అడాప్టర్లు చాలావరకు ఇచ్చేది వోల్టుకి అటూఇటుగానే!

కాబట్టి యాంప్లిఫయర్‌ కొనేటప్పుడు 'ఎన్ని వాట్లు' అని అడిగి ఊరుకోకండి. 'నా హెడ్‌ఫోన్స్‌ ఓమ్‌ల దగ్గర ఎన్ని వోల్టులిస్తుంది' అని అడగండి. 32 ఓమ్‌ల దగ్గర ఘనంగా రాసిన వాట్లు 600 దగ్గర బాగా తగ్గిపోతాయి. హెడ్‌ఫోన్స్‌ సెన్సిటివిటీ కూడా చూడాలి. అది ఎక్కువైతే తక్కువ వోల్టులతోనే పనైపోతుంది. ప్రయాణాలకి బ్యాటరీతో నడిచే చిన్న రకం, ఇంట్లో అయితే బల్లమీద పెట్టేది మేలు. అవుట్‌పుట్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ లేని వాల్వ్‌ యాంప్లిఫయర్లు 300, 600 ఓమ్‌లకి చక్కగా నప్పుతాయి. 32 ఓమ్‌లకి అంతగా నప్పవు. తాతగారి 2 వేల ఓమ్‌ల జతని పారేయకండి. మధ్యలో సరైన ట్రాన్స్‌ఫార్మర్‌ పెడితే అదీ పలుకుతుంది.

ఒక్క రకంతో మాత్రం జాగ్రత్త. స్టాక్స్‌ లాంటి ఎలక్ట్రోస్టాటిక్‌ ఇయర్‌స్పీకర్లలో ఇప్పటి మోడళ్లకి 580 వోల్టుల బయాస్‌ కావాలి. వాటికోసం చేసిన యాంప్లిఫయర్‌ తప్ప మరోటి పనికిరాదు.

బలమైన యాంప్లిఫయర్‌ వచ్చింది కదాని హోరెత్తించకండి. పెద్దలు 80 డెసిబెల్స్‌ శబ్దాన్ని వారానికి 40 గంటలకి మించి వినకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అన్నట్టు, చుట్టూ రొద లేనిచోట వాల్యూమ్‌ సగం పెట్టినా పాట నిండుగానే ఉంటుంది. ఆ లెక్కన మీ పాటకి సగం యాంప్లిఫయర్‌ అనంతగిరి కొండే!