పగ్గాలు పట్టే చిన్నమెదడు



పెసరట్టు తిరగేసేటప్పుడు మన చెయ్యి సరిగ్గా అట్టు దగ్గరే ఆగుతుంది గాని, ముందుకు పోయి పెనానికి తగలదు. అలా ఆపేది ఎవరనుకున్నారు? తల వెనుక, మెడకు పైన ఉండే చిన్నమెదడు. బరువుకు మెదడులో పదోవంతే అయినా, నాడీకణాల్లో సగానికి పైగా అక్కడే ఉన్నాయి.

వాటిలో పెద్దవి పుర్కింజీ కణాలు. 1837లో ఆ పేరుగల శాస్త్రజ్ఞుడు వాటిని వర్ణించాడు. వాటి పక్కనే ఉండే కొన్ని చిన్న కణాల తంతువులు, మన కొల్లేటివాళ్ళు అల్లే బుట్టలా పుర్కింజీ కణాన్ని చుట్టుకుంటాయి. అందుకే వాటిని బుట్టకణాలన్నారు. వీటి పని “చెయ్యి” అని చెప్పడం కాదండీ, “ఇక చాలు, ఆగు” అనడం. విచిత్రమేమంటే పుర్కింజీ కణమూ ఆపేదేనని 1960లలో జపాను శాస్త్రజ్ఞుడు మసావో ఇటో బృందం కనిపెట్టింది. కోడలిని అత్తగారు ఆపితే, ఆ అత్తగారిని పెద్దత్తగారు ఆపినట్టన్నమాట! పెద్దావిడ ఒక్కమాటతో అత్తగారు తగ్గితే, కోడలి చెయ్యి ఆడుతుంది. ఈ పట్టువిడుపుల్లోంచే నేర్పు పుడుతుంది. కొల్లేట్లో తాటిదోనె మీద నిలబడి గెడ వేసే మనిషిని చూడండి. ఎక్కడ తొయ్యాలో, ఎక్కడ సడలించాలో తెలియకపోతే దోనె బోల్తాయే కదా!

2020 డిసెంబరులో మన ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఫిట్స్ పెద్దమెదడుకు సంబంధించినవి. అక్కడ పగ్గం చాలకపోతే ఫిట్స్ వస్తాయి. చిన్నమెదడులో పగ్గం తప్పితే నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది.

తాడేపల్లిగూడెంలో మా బాబాయిగారికి అదే జరిగింది. చుక్క ముట్టని మనిషి వీధిలో తూలుతుంటే తాగాడన్నారు. పిన్ని సిగ్గుతో గడప దాటడం మానేసింది. చివరికి ఒక డాక్టరుగారు, “మీ వేలితో ముక్కు ముట్టుకోండి” అన్నారు. వేలు చెంపకు పోయింది. ఎన్నాళ్ళుగానో వేసుకుంటున్న ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు రక్తంలో మోతాదు మించిపోయిందట! డాక్టరుగారు మోతాదు తగ్గించాక, కొన్ని వారాలకి బాబాయి తిన్నగా నడిచారు. మద్యం కూడా చిన్నమెదడునే తడబెడుతుంది గనుక, చూసేవారికి రెండూ ఒకలాగే ఉంటాయి.

కనుక తూలే మనిషిని చూసి తొందరపడి మాట జారకండి. ఫిట్స్ మందు సొంతంగా మానకండి, తగ్గించకండి. ఉన్నట్టుండి తూలు, వాంతులు, మాట తడబాటు వస్తే మాత్రం దిగదుడుపులు పెట్టుకోక, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.