వైట్ బ్యాలెన్స్‌తో రంగుల మాయ
తెల్లటి వస్తువును ఏ వెలుగులోనైనా తెల్లగానే చూపడం కెమెరాలో వైట్ బ్యాలెన్స్ పని. దాన్ని కావాలనే మార్చి పెడితే ఫొటో భావమే మారిపోతుంది. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు: మధ్యాహ్నపు ఎండ సుమారు 5500, టంగ్‌స్టన్ దీపం సుమారు 3200. ఆ దీపపు పసుపును తగ్గించడానికి టంగ్‌స్టన్ సెట్టింగు నీలం కలుపుతుంది. పొద్దు వాలాక చెరువు గట్టున అదే పెడితే ఆకాశం, నీళ్లు ముదురు నీలానికి తిరిగి వెన్నెల రాత్రిలా కనిపిస్తాయి. గట్టు మీది మనిషి ముఖం నీలం కాకూడదంటే ఫ్లాష్‌కు నారింజ రంగు జెల్ (పారదర్శక రంగు రేకు) తొడగాలి. చర్మం సహజంగానే వస్తుంది. అన్నిటిలోకీ అందమైన ప్రయోగం ఇదే. ‘షేడ్’ సెట్టింగు టంగ్‌స్టన్‌కు విరుద్ధం, ఉదయపు ఎండను ఇంకా బంగారంగా మారుస్తుంది. రా ఫార్మాట్‌లో తీస్తే రంగును తర్వాతైనా మార్చుకోవచ్చు. జేపెగ్‌లో ఆ వెసులుబాటు తక్కువ.